ముందు సీటులో నడుమ చోటు

గేరు కర్రను కారు నేల మీదికి దించినవాడు సంసారం లేనివాడై ఉంటాడని మా మామ అనేవాడు. నేను ఇప్పటికీ ఏ కారు ఎక్కినా ముందుగా చూసేది ఆ కర్రనే. రెండు సీట్ల మధ్య నుంచి అది తల ఎత్తి కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. మిగతావాళ్లకు కారంటే రంగు, మైలేజీ, ఏసీ. నాకు మాత్రం ముందు సీటులో నడుమ చోటు ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఈ రోజుల్లో ఏ కారులోనూ ఉండదని తెలుసు. అయినా చూస్తాను, అయినా మండుతుంది.

మేం చింతాద్రిపేటలో, కూవం వాసన గాలి దిశను బట్టి వచ్చిపోయే ఒక సందులో ఉండేవాళ్లం. అది అమ్మ పుట్టిల్లు. నాన్న పోయాక అమ్మ నన్ను చంకనేసుకుని అక్కడికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికే అది నా ఇల్లు. ఇంట్లో ఏడుగురం. అవ్వ, మామ, అత్త, వాళ్ల ఇద్దరు కూతుళ్లు, అమ్మ, నేను. మామ కూతుళ్లలో పెద్దది నాకు వదిన వరస, చిన్నది మరదలు. అమ్మకు వదినంటే అత్త. మేం ముగ్గురం ఒకే చాప మీద పడుకుని ఒకే దుప్పటి కోసం కొట్టుకున్నవాళ్లం. ఎవరు ఎవరి బిడ్డ అన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. కనీసం నేనలా అనుకున్నాను.

పైన కాపురం, కింద మామ అంగడి. కార్లకు సీట్లు కుట్టే అంగడి అది. ఒక మూల కొబ్బరి పీచు, ఒక మూల స్పాంజి దిమ్మలు, గోడకు ఆనించి రెక్సిన్ చుట్టలు. మామ మెడలో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. గుళ్లోకి పోయినా అది మెడలోనే. వెనక గదిలో అమ్మ మిషను. సీటు అంచు వెంట తాడులా ఉబ్బెత్తుగా వచ్చే కుట్టు ఉంటుందే, దాన్ని పైపింగు అంటారు, అది కుట్టడంలో అమ్మ చేతిని మించిన చెయ్యి ఆ వీధిలో లేదు. ఆ మాట మామే అందరికీ చెప్పేవాడు. ఊరికే తిని కూర్చున్నవాళ్లం కాదు మేం. ఇది ఇక్కడ చెప్పి తీరాలి.

మామకు ఒక విద్య ఉండేది. అరిగిన సీటును చూసి ఆ కారు సంసారం మొత్తం చెప్పేవాడు. పాత కవరు విప్పకముందే అరచేత్తో సీటు నిమిరి, "మీ ఇంట్లో పెద్దాయన ఎడమ పక్కకు వాలి కూచుంటాడు, నడుము నొప్పి ఉండాది కదా?" అనేవాడు. వచ్చినవాళ్లు నోరు తెరిచేవాళ్లు. ఇంకొకరితో, "వెనక సీట్లో ఈ కొసన ఎవురూ కూచోరు, ఆ పక్క తలుపు తెరుచుకోదా?" అని అడిగేవాడు. నిజంగానే తెరుచుకునేది కాదు. మనిషి అబద్ధం చెప్తాడు గానీ సీటు చెప్పదు అనేది మామ మాట. ఎవరి కారు వచ్చినా ముందు ఇంట్లో ఎంతమందో అడిగి, తర్వాతే టేపు తీసేవాడు. మనుషులను లెక్కపెట్టకుండా సీటు కుట్టేవాడు చెప్పులు కుట్టుకోవడం మేలని తిట్టేవాడు కూడా.

మాకు తాత కొన్న పాత కారు ఉండేది. మీగడ రంగు, గుండ్రటి వీపు. దాని ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పరుపు. గేరు స్టీరింగు పక్కనే చేతికందేలా ఉండేది కాబట్టి కింద కాళ్లకు అడ్డమే లేదు. స్టీరింగు దగ్గర మామ, అటు కొసన అత్త, నడుమ నేను. వెనక అవ్వ, అమ్మ, వదిన, మరదలు. చిన్నప్పుడు ఎవరు కూర్చోబెట్టారో తెలియదు గానీ ఆ నడుమ చోటు నాదైపోయింది. ఎంత నాదంటే, ఆ పరుపులో నా కొలతకు ఒక పల్లం పడింది.

నాకక్కడ ఉద్యోగం కూడా ఉండేది. చోకు పీకడం. చోకంటే డాష్‌బోర్డు మీద చిన్న గుండీ. చల్లబడిన ఇంజన్ లేవాలంటే దాన్ని బయటికి లాగాలి, ఇంజన్ వేడెక్కుతున్న కొద్దీ మెల్లగా లోపలికి తోయాలి. ఎక్కువసేపు లాగి ఉంచితే పొగ, తొందరపడి తోస్తే ఆగిపోతుంది. "ఏమ్మే కోడలా, పీకు," అనేవాడు మామ. ఆదివారం సాయంత్రం బీచికి బయల్దేరేటప్పుడు వీధి వీధంతా వినేలా, "నా కోడలు నడమ కూచోకుంటే ఈ బండి కదలదు," అనేవాడు. వదినకు కుళ్లు. నాకు కొమ్ములు.

తర్వాత వచ్చిన కార్లన్నింటినీ మామ ఇంట్లో కూర్చుని తీసిపారేసేవాడు. మా పాత కారు కంపెనీవాళ్లే గేరును కిందికి దించారని తెలిసినప్పుడు ఒక పూట అన్నం సరిగ్గా తినలేదు. "గేరును కింద పెట్టినోడికి పెండ్లాం బిడ్డలు లేరు. ఉండుంటే సంసారం నడమ ఆ కట్టె పాతుంటాడా?" అన్నాడు. పెట్టెలాంటి చిన్న కార్లు ఊరంతా నిండిపోయినప్పుడు, ముందు రెండు సీట్లూ విడివిడిగా ఉండటం చూసి, "ఇది కారు కాదు, రెండు కుర్చీలు," అన్నాడు. మేం పడిపడి నవ్వాం. మా కారు లాంటి కారు మద్రాసులోనే లేదని గట్టిగా నమ్మాం.

తొంభైలు సగానికి వచ్చేసరికి, ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయిన ఆ కాలంలో, విదేశీ కంపెనీల సెడాన్లు దిగాయి. మరీ పెద్దవీ కావు, మరీ చిన్నవీ కావు. ముందు ముక్కు, నడుమ మనుషులు, వెనక డిక్కీ, అన్నీ కొలిచి పెట్టినట్టు ఉండేవి. మొదట్లో అవి మామ అంగడికి కవర్ల కోసం వచ్చాయి. మామ ఒక్కోదాని చుట్టూ తిరిగి తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి ఆ చప్పుడు వినేవాడు. మా కారు తలుపు వేస్తే పక్కింటి కుక్క లేచేది. వీటి తలుపు మూసుకున్నట్టే తెలిసేది కాదు. మామ మనసు ఆ చప్పుడు దగ్గరే జారిందని నా అనుమానం.

ఆ తర్వాత షోరూముల నుంచి నున్నటి కాగితాల పుస్తకాలు ఇంటికి రావడం మొదలైంది. మామకు ఇంగ్లీషు రాదు. పదో తరగతి ఇంగ్లీషు మీడియం చదివేది నేను. సాయంత్రం కాఫీ తాగుతూ మామ కుర్చీలో, నేను కింద, మధ్యలో పుస్తకాలు. నేను చదివి చెప్పేదాన్ని. "వీల్‌బేస్ అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం మామా. ఇది ఎక్కువైతే వెనక కూర్చున్నవాళ్లకు మోకాళ్లు తగలవు." "పవర్ స్టీరింగ్ అంటే ఒక వేలితో తిప్పొచ్చంట." ఒకే కారులో పోయినేడాది రకానికీ ఈ ఏడాది రకానికీ ఏం మారిందో కూడా చెప్పేదాన్ని. ఇంజన్ కాస్త పెరిగింది, కార్బురేటర్ పోయి ఇంజక్షన్ వచ్చింది, అద్దాలు గుండీ నొక్కితే దిగుతాయి. ఒక రోజు, "దీంట్లో చోకు లేదు మామా, తాళం తిప్పితే చాలంట!" అని నేనే గొప్పగా చెప్పాను.

"అయితే నీ పని పోయిందే కోడలా!" అని మామ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంకో రోజు, సీటింగ్ అని ఉన్నచోట ఐదు అని చదివి ఆగిపోయాను. మామ ముఖంలోకి చూశాను. "అది కంపెనీవోడి లెక్క. మన లెక్క మనకుండాది," అన్నాడు మామ. పాత కారు పుస్తకంలో ఎంతమందని రాసుందో ఎవరికి తెలుసు? మేం ఏడుగురం తిరగలేదా? నాకు ఆ మాట చాలింది. ఎనిమిదిమంది పట్టే పొడుగు బండి పుస్తకం కూడా చూపించాను. అది చూరు పెట్టిన టాక్సీలా ఉందని అత్త ముక్కు విరిచింది. దాన్ని పక్కన పెట్టాం.

అమ్మకు మామ ఒక మాట ఇచ్చాడు. అదీ నా ముందే ఇచ్చాడు. నాన్న పోయిన తర్వాత అమ్మ తిరుమల కొండ ఎక్కలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అమ్మ తల నెరుస్తున్నా మామ ఆమెను పాపా అనే పిలిచేవాడు. "పాపా, కొత్త బండి వచ్చిన వెంటనే మొదటి ప్రయాణం కొండకే. నిన్ను మహారాణి మాదిరి తీసుకపోతా," అన్నాడు. అమ్మ మిషను మీద నుంచి తల ఎత్తి నవ్వింది. అమ్మ అలా పళ్లు కనబడేలా నవ్వడం అరుదు. ఆ రాత్రే పెట్టె అడుగు నుంచి ఒక పట్టుచీర తీసి ఆరేసింది.

షోరూముకు మామ నన్నే తీసుకుపోయాడు, ఇంగ్లీషు కోసం. నేల మీద మన ముఖం కనబడేంత మెరుపు. నీలం రంగు సెడాన్ తలుపులన్నీ తెరుచుకుని నిలబడి ఉంది. మామ మెడలో నుంచి టేపు తీసి సీట్లు కొలవడం మొదలుపెట్టాడు. అమ్మే మనిషి నవ్వుకుంటూ దగ్గరికి వచ్చి, "వీట్ల ఎత్తన పేరు సార్?" అన్నాడు. ఇంట్లో ఎంతమందని అడిగాడు.

"అంజు పేరు," అన్నాడు మామ. ఐదుగురం.

తడుముకోలేదు. వేళ్లు మడవలేదు. టేపు మీద నుంచి కళ్లు కూడా ఎత్తలేదు. మా మామ వ్యాపారమంతా అరవంలో చేసేవాడు, ఇంటి మాటలు తెలుగులో. ఆ మాట తెలుగులో అయితే నోటికి వచ్చేది కాదేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు మాత్రం పుస్తకాలు గుండెకు పట్టుకుని నిలబడి, ఎవరిని వదిలేశాడా అని లెక్కపెట్టాను. అవ్వ ఒకటి, మామ రెండు, అత్త మూడు, వదిన నాలుగు, మరదలు ఐదు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఎవరినీ మరిచిపోలేదు.

బస్సులో తిరిగి వస్తూ అడిగేశాను. "మామా, ఐదు మందే అన్నావే?"

"ఆడ అట్లే చెప్పాల మే. ఏడు మందంటే ఆ పొడుగు బండి అంటగడతాడు," అన్నాడు మామ కిటికీలో నుంచి చూస్తూ.

నేను నమ్మాను. ప్రాణం కుదుటపడింది. మామ ఎంత తెలివైనవాడో అని కూడా అనుకున్నాను. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే, బస్సులో, పక్కన కూర్చోబెట్టుకుని, టికెట్టు తనే తీసి.

కారు ఇంటికి రాకముందే మామ కొలతలు అమ్మకిచ్చి కవర్లు కుట్టమన్నాడు. సొంత కారు కదా, కంపెనీ గుడ్డ మీద ఎవరూ కూర్చోకూడదు. అమ్మ కొలతలు చూసింది. మళ్లీ చూసింది. వెనక సీటు ఒకటి. ముందు సీట్లు రెండు.

"ముందర రెండూ వేరేవేరేనా అన్నా?"

"ఇప్పుడన్నీ అట్లే వస్తా ఉండాయి పాపా."

"నడమ?"

"నడమ గేరు."

అమ్మ కవర్లు కుట్టింది. ముందువి రెండు, వెనకది ఒకటి. తన జన్మలో అంత బాగా పైపింగు ఎప్పుడూ కుట్టలేదు. వంకర లేదు, ముడి లేదు. నాకు కోపం వచ్చింది అమ్మ మీదే. పాడుచేయొచ్చు కదా, ఒక్క కుట్టయినా తప్పు వేయొచ్చు కదా అనిపించింది. కానీ ఆరేసిన పట్టుచీరను మడిచి మళ్లీ పెట్టె అడుగున పెట్టడం ఆ సాయంత్రమే చూశాను. అమ్మకు కొలతలు చూసినప్పుడే అర్థమైపోయింది. నాకే ఇంకా ఆశ.

కొండకు పోయే రోజు తెల్లవారగానే కారుకు పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పెట్టింది నేనే. అమ్మ పులిహోర కలిపి అరిటాకుల్లో పొట్లాలు కట్టింది. ఏడు పొట్లాలు కాదు, ఐదు. నేను కొత్త పరికిణీ వేసుకుని తల దువ్వుకుని నిలబడ్డాను. మామ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. అత్త ముందు సీట్లో. అవ్వ, వదిన, మరదలు వెనక. తలుపు ఇంకా తెరిచే ఉంది.

"బిడ్డ నా ఒళ్లో కూచుంటాది, రానీరా," అంది అవ్వ.

"కొండ కింద చెకింగు ఉండాదమ్మా. ఐదు మందికే ఈ బండి. పుస్తకంలోనే రాసుండాది, కోడలే కదా చదివి చెప్పింది," అన్నాడు మామ. నా వైపు తిరిగి, నవ్వుతూ, "ఏమ్మే, అంతే కదా?" అన్నాడు.

కంపెనీవాడి లెక్క అన్నవాడే అది. మన లెక్క మనకుందన్నవాడే. నా నోటితో నేను చదివిన ముక్కను దాచిపెట్టుకుని, ఆ పొద్దున అందరి ముందూ తీసి నా మీదే వేశాడు. నేను తల ఊపాను. ఊపక ఏం చేస్తాను? అమ్మ పులిహోర పొట్లాలు డిక్కీలో పెట్టింది. ఆ డిక్కీ ఎంత పెద్దదని! మా ఇద్దరికీ చోటు లేని కారులో, అమ్మ కట్టిన పొట్లాలకు ఊరంత చోటుంది.

"ఇంకోసారి పోదాం పాపా, నువ్వూ నేనూ," అన్నాడు మామ. అమ్మ, "సరే అన్నా," అంది. నిమ్మకాయలు చిట్లాయి. చోకు లేదు, పొగ లేదు, ఎవరూ ఏదీ పీకలేదు. నేను నడుమ కూర్చోకుండానే బండి కదిలింది. చప్పుడు లేకుండా వీధి మలుపు తిరిగింది. నేను చీపురు తెచ్చి నిమ్మతొక్కలు ఊడ్చాను.

కొండ నుంచి వచ్చి మామ మాకు లడ్డూ ఇచ్చాడు. కళ్లకద్దుకుని తిన్నాను, దేవుడి మీద నాకు కోపం లేదు కాబట్టి. ఆ తర్వాత ఆదివారం బీచి, మైలాపూరులో చుట్టాల ఇళ్లు, పెళ్లిళ్లు, అన్నీ ఐదుగురివే అయ్యాయి. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట తిట్టలేదు, అన్నం తక్కువ పెట్టలేదు. మామ కోడలా అనడం కూడా మానలేదు. అదే నాకు మరీ అసహ్యంగా ఉండేది. కూరలో కరివేపాకును తీసి పక్కన పెట్టేవాళ్లు కనీసం దాన్ని ముద్దుపేరుతో పిలవరు.

పాత కారును కోడంబాక్కంలో షూటింగులకు బండ్లు అద్దెకిచ్చే ఒకాయన కొన్నాడు. ముందు సీటుకు ఎర్ర వెల్వెట్టు కావాలన్నాడు. మామ కొత్త పరుపు కుట్టించి బిగించి పంపాడు. పాత పరుపు అంగడిలోనే మిగిలింది. పారేయడం ఎందుకని దానికి చెక్క కాళ్లు కొట్టించి, వచ్చిపోయేవాళ్లు కూర్చోవడానికి గోడ పక్కన వేశాడు. నేను దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు.

నేను కాలేజీలో చేరిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం, విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన భార్యాభర్తలు కొత్త సెడాన్‌కు కవర్ల కోసం అంగడికి వచ్చారు. తెలుగువాళ్లని తెలిసేసరికి మామ హుషారెక్కిపోయాడు. సీటు చూసి సంసారం చెప్పే తన విద్య గురించి మొదలుపెట్టాడు. వాళ్లు నమ్మలేదు. మామ వాళ్లను లేపి, వాళ్లు కూర్చున్న ఆ పరుపు మీదే చెయ్యి పెట్టాడు. నేను అమ్మకు మజ్జిగ ఇచ్చి వెనక గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. అమ్మ మిషను తొక్కుతోంది.

"ఈడ చూడండి. ఈ కొసన బండి తోలే మగోడు, మనిషి బరువు. ఆ కొసన ఆడమనిషి, తలుపుకు ఆనుకుని కూచుంటాది. నడమ ఈ పల్లం చూసినారా? బిడ్డది. చిన్నప్పటి నుంచి పెద్దయ్యే దాకా ఒకే బిడ్డ ఈడ కూచున్నాది. మారలేదు."

ఆవిడ ఆశ్చర్యపోయి ఆ పల్లాన్ని తాకింది. "ఎంత బాగా చెప్పారండీ! ఎవరి కారండీ ఇది?"

నేను గుమ్మంలో ఉన్నానని మామకు తెలుసు.

"ఎవురిదో లేండి. పాత బండి," అన్నాడు.

షోరూములో ఐదుగురం అన్నప్పుడు చోటు లేదనుకున్నాను. కారు చిన్నది, చెకింగు ఉంది, అత్త ఏమంటుందో అని మామ తరఫున వంద సాకులు నేనే వెతికి పెట్టాను. ఈ పరుపు మీద చోటుకేం తక్కువ? ఎవరు లేవాలని, ఎవరు దిగాలని? నా కోడలిది అనడానికి ఒక్క పైసా ఖర్చు లేదు. సీటు అబద్ధం చెప్పదన్న మనిషి, నా పల్లం మీద చెయ్యి పెట్టి, ఎవరిదో అన్నాడు.

మిషను ఆగింది.

"ఎవురిదో ఏంది అన్నా?" అంది అమ్మ, లోపలి నుంచే, గొంతు పెంచకుండా. "ఆ కొస నీది. ఈ కొస వదినది. నడమ పల్లం నా బిడ్డది."

వచ్చినవాళ్లు ఇద్దరూ నా వైపు తిరిగారు. మామ మాత్రం తిరగలేదు. మెడలోని టేపు తీసుకుని, బయట ఉన్న కొత్త కారు దగ్గరికి పోయి, దాని ముందు సీట్లు కొలవడం మొదలుపెట్టాడు, ఒకటి తర్వాత ఒకటి. అమ్మ మజ్జిగ తాగి గ్లాసు నాకిచ్చింది. ఆయన అరిచి చెప్పే కొలతలను ఎప్పటిలాగే సుద్దముక్కతో రెక్సిన్ మీద రాసుకుంది.